వేలిముద్రకు వేసిన తాళం: రెండున్నరేళ్ల వాడకం తర్వాత

ఫోన్‌లో ఒక్క ప్రభుత్వ యాప్ మాత్రమే ఉంచుకోవాలంటే నేను ఆధార్ వాళ్ల యాప్ ఎంఆధార్‌నే ఉంచుకుంటాను. అదీ అందులో ఉన్న బయోమెట్రిక్ లాక్ కోసమే, అంటే మన వేలిముద్రతో ఎవరూ ఆధార్ వాడకుండా వేసుకునే తాళం. మిగతావన్నీ అందరికీ తెలిసినవే.

2023లో గాజువాకలో ఉండే మా పిన్ని ఖాతాలోంచి 10,000 రూపాయలు పోయాయి. ఓటీపీ రాలేదు. పిన్ ఎవరికీ చెప్పలేదు, అసలు ఆవిడకు ఏటీఎం కార్డే లేదు. బ్యాంకులో అడిగితే ఆధార్ నంబరు, వేలిముద్ర పెట్టి ఎవరో తీశారన్నారు. ఆ రోజు పిన్ని గడప దాటలేదు. వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాం, బ్యాంకు చుట్టూ తిరిగాం. నాలుగు నెలలకు డబ్బు తిరిగొచ్చింది. కానీ ఆ నాలుగు నెలలూ పిన్ని తను ఎక్కడెక్కడ వేలు పెట్టిందో లెక్క వేసుకుంటూనే ఉంది. సిమ్ కార్డుకి, రేషన్‌కి, స్థలం రిజిస్ట్రేషన్‌కి... ఎక్కడినుంచి పోయిందో ఇప్పటికీ తెలియదు.

ఆ వారమే నా ఆధార్, అమ్మ ఆధార్ రెండూ లాక్ చేశాను. లాక్ ఉంటే వేలిముద్రే కాదు, కనుపాప, ముఖం కూడా పనిచేయవు. ఓటీపీ మాత్రం పనిచేస్తుంది. అవసరమైనప్పుడు తాత్కాలికంగా తెరిస్తే పది నిమిషాల్లో దానంతటదే మళ్లీ లాక్ పడుతుంది. దీనితోపాటు గత ఆరు నెలల్లో మన ఆధార్‌ను ఎప్పుడు, ఏ పద్ధతిలో సరిచూశారో చూపించే జాబితా కూడా ఉంది. నెలకోసారి అది తెరిచి, అన్నీ నాకు తెలిసినవే అని చూసుకున్నాక కలిగే నిశ్చింత ఇంకే ప్రభుత్వ సేవలోనూ నాకు దొరకలేదు. మొదటి ఏడాది ఎంవీపీ కాలనీ రైతుబజారులో కనిపించిన ప్రతి ఒక్కరికీ లాక్ చేసుకోండని చెప్పేదాన్ని.

కిందటేడాది ఒక 1వ తేదీ తర్వాత ఆ మాట చెప్పే ముందు ఆగుతున్నాను.

అమ్మకు వితంతు పింఛను వస్తుంది. 1న పొద్దున్నే మా వార్డు సచివాలయంలో పనిచేసే అమ్మాయి ఇంటికొచ్చి, వేలిముద్ర తీసుకుని 4,000 చేతిలో పెడుతుంది. ఆ రోజు నేను ఇంట్లోనే ఉండి లాక్ తీసేదాన్ని కాబట్టి ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. ఆ నెల మాత్రం అరకులో చుట్టాల పెళ్లి ఉండి కిరండూల్ రైలెక్కాను. లాక్ సంగతే మర్చిపోయాను. తొమ్మిది కావస్తుండగా ఫోన్ వచ్చింది. అప్పటికి రైలు శివలింగపురం దాటి ఘాట్ ఎక్కుతోంది.

"అక్కా, మామ్మగారి వేలు పడటం లేదు. పది వేళ్లూ పెట్టించాను, కన్ను కూడా పెట్టించాను. 330 అని నంబరేదో వస్తోంది."

అది లాక్ ఉందని చెప్పే నంబరు. ఆ అమ్మాయికి తెలియదు, తెలియాలని నేననను. చెబుదామనేలోపు సొరంగం వచ్చింది, ఫోన్ కట్టయింది. ఆ దారిలో ఒక సొరంగం దాటి ఊపిరి పీల్చుకునేలోపు ఇంకోటి. యాప్ తెరవాలన్నా ఓటీపీ రావాలన్నా సిగ్నల్ కావాలి. బొర్రా గుహలు స్టేషన్లో రైలు ఆగాక ఎలాగో తెరిచాను. అప్పటికి ఆ అమ్మాయి వేరే వీధికి వెళ్లిపోయింది, తిరిగొచ్చేసరికి పది నిమిషాలూ అయిపోయాయి. నేనేమో మళ్లీ సొరంగంలో ఉన్నాను.

డబ్బు మధ్యాహ్నం అందింది. ఆ అమ్మాయి ఓపికగా మూడోసారి వచ్చింది, ఆ మేలు మర్చిపోలేను. నన్ను బాధపెట్టింది వేరే. ఆ పూటంతా అమ్మ వేళ్లు సబ్బుతో కడుక్కుంటూ, పమిటతో తుడుచుకుంటూ ఉందట. సాయంత్రం ఫోన్‌లో, "నేను నేను కానంటోందే ఆ మెషిన్" అంది. గిన్నెలు తోమి తోమి తన గీతలు అరిగిపోయాయనుకుంది. తాళం వేసింది నేనేనని చెప్పాక కూడా, ఇక పింఛను ఆగిపోదు కదా అని రెండుసార్లు అడిగింది.

ఇప్పుడు నెల చివరి రోజు రాత్రి లాక్ పూర్తిగా తీసేసి, 1న పింఛను అందాక మళ్లీ వేస్తున్నాను. ఆ ఒక్క రాత్రి నాకు టెన్షన్‌గానే ఉంటుంది. అందుకే అమ్మ ఖాతాలో రెండు మూడు వేలకు మించి ఉంచడం లేదు. సచివాలయం అమ్మాయి నంబరు నా దగ్గరా, నా నంబరు తన దగ్గరా ఉన్నాయి.

ఇంకొకటి, ఈ లాక్ ఆపేది వేలిముద్ర దొంగతనాన్నే. ఫోన్ చేసి మాటల్లో పెట్టి ఓటీపీ అడిగేవాళ్లను ఆపదు. అమ్మ ఆధార్‌కు ఉన్నది నా నంబరే, అంటే నా సిమ్ పోతే ఇద్దరి తాళాలూ ఒకేసారి చిక్కుపడతాయి.

నా ఆధార్‌కు లాక్ తీసే ప్రసక్తే లేదు. బ్యాంకు పనులన్నీ ఫోన్‌లోనే చేసుకుని, వేలిముద్రతో పెద్దగా పనిలేని వాళ్లు ఈరోజే వేసుకోవచ్చు. నెలనెలా వేలు పెట్టాల్సిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే మాత్రం, ఫోన్ ఎవరి చేతిలో ఉంటుందో ముందు చూసుకోండి. నేను విశాఖలోనే ఉన్నాను కాబట్టి అమ్మ ఆధార్‌కు లాక్ నడుస్తోంది. విజయవాడ బదిలీ వస్తే అమ్మది తీసేస్తాను.