డబ్బా ఒకటా, మూడా? ఆరేళ్ల వాడకం తర్వాత

కడప ఎర్రముక్కపల్లిలోని మా ఇంట్లో మొదట నెట్ నుంచి పాటలు వినిపించే ఆల్-ఇన్-వన్ స్ట్రీమింగ్ యాంప్ ఉండేది. వైఫై, డ్యాక్ (డిజిటల్ పాటను యాంప్‌కు పనికొచ్చే సిగ్నల్‌గా మార్చేది), యాంప్లిఫయర్ అన్నీ ఒకే డబ్బాలో. స్పీకర్ వైర్లు బిగిస్తే చాలు. నాన్న కూడా నన్ను పిలవకుండానే రిమోట్‌తో అన్నమయ్య కీర్తనలు పెట్టుకునేవారు. మూడేళ్లు దాని మాటే తలుచుకోలేదు.

నాలుగో వేసవిలో ఒక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చింది. ఆ తర్వాత తెర మీద కంపెనీ గుర్తు దగ్గరే ఆగిపోయింది. లోపల యాంప్ బాగానే ఉంది, కానీ లైన్ ఇన్‌కు (బయటి పాటను వైరుతో ఇచ్చే సాకెట్) ఫోన్ తగిలించి విందామన్నా డబ్బా ఆన్ అయితే కదా! బెంగళూరు సర్వీస్‌కు పంపితే నలభై రోజులు. బోర్డు మార్చాలట, ధర కొత్తదాంట్లో సగం. వద్దని వెనక్కి తెప్పించుకున్నాను.

ఇప్పుడున్నవి మూడు విడి డబ్బాలు: రాస్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్, ఒక యూఎస్‌బీ డ్యాక్, సెకండ్ హ్యాండ్ యాంప్. స్పీకర్లు పాతవే. రాస్‌బెర్రీ పైలో పాటలు ప్లే చేసే మూడ్ ఆడియో (moOde) సాఫ్ట్‌వేర్ వేశాను, ఉచితమే. వీటికీ తలనొప్పులు లేకపోలేదు. కరెంటు టక్కున పోయి రెండుసార్లు ఆ సాఫ్ట్‌వేర్ ఉండే మెమరీ కార్డు పాడైంది. కాపీ చేసి పెట్టుకున్న కార్డు గుచ్చితే ఐదు నిమిషాల్లో పాట మొదలైంది. మాది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ (మామూలు కరెంటులా నునుపైన అల ఇవ్వని రకం), దాని మీద యాంప్ ట్రాన్స్‌ఫార్మర్ గుయ్‌మంటుంది. దానికి మందు దొరకలేదు, కరెంటు వచ్చేదాకా ఆపేస్తాను.

సౌండ్ మారిందా అంటే, 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ సీడీ క్వాలిటీ పాటల్లో నాకైతే తేడా తెలియలేదు. తేడా తెచ్చింది జంఖానా. మా హాల్లో కింద కడప బండలు, చుట్టూ బోడి గోడలు. చప్పట్లు కొడితే ఠంగుమని తిరిగొచ్చేది. పాటలో మాటలు ఒకదాని మీద ఒకటి పడేవి. స్పీకర్లకూ సోఫాకూ మధ్య అమ్మ పెళ్లినాటి జంఖానా పరిచాక మృదంగం దెబ్బ దెబ్బగా వినపడింది. డ్యాక్‌కు పెట్టిన డబ్బుల మీద అప్పుడే కాస్త బాధేసింది.

ఏది పాడైనా అదొక్కటే మార్చుకోవచ్చు కాబట్టి హాల్లో నా ఓటు విడివిడి డబ్బాలకే. నాన్న మాత్రం ఒప్పుకోలేదు. రాస్‌బెర్రీ పై, డ్యాక్ ముందు ఆన్ చేసి, యాంప్ చివర ఆన్ చేయాలి. ఆపేటప్పుడు యాంప్ ముందు. లేకుంటే స్పీకర్లలో ధబ్‌మంటుంది. రెండు రోజులు చూసి, "ఏం నాయనా, పాట వినేదానికి ఇన్ని స్విచ్చులా?" అన్నారు. ఆయన గదిలో మళ్లీ చిన్న ఆల్-ఇన్-వన్ స్పీకరే పెట్టాను. ఆటో అప్‌డేట్ ఆపేసి.