గోల్ఫ్ మార్క్ 4కి ఫోర్ వీల్ డ్రైవ్: ఆడి టీటీ సెట్టు కొనొచ్చా?

మొదటి తరం ఆడి టీటీ క్వాట్రో (నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లే రకం, 1998–2006) యూరప్ స్క్రాప్ యార్డుల్లో ఇప్పటికీ దొరుకుతుంది. దాని వెనక డ్రైవ్‌లైన్‌ని సబ్‌ఫ్రేమ్, డిఫరెన్షియల్, హాల్డెక్స్ కప్లింగ్ (వెనక చక్రాలకు శక్తిని కలిపే, విడదీసే క్లచ్), హబ్బులు, యాక్సిల్ షాఫ్టులతో సహా ఒకే సెట్టుగా అమ్ముతారు. గోల్ఫ్ మార్క్ 4, బోరా, మొదటి ఏ3, సీట్ లియోన్, మన రోడ్ల మీద తిరిగిన పాత ఆక్టేవియా కూడా టీటీతో ఒకే ప్లాట్‌ఫారం పంచుకున్న బండ్లే. అందుకని ఫ్రంట్ వీల్ డ్రైవ్ బండికి దీన్ని బోల్టులతో బిగించేస్తే చాలని అమ్మేవాళ్లు అంటుంటారు. సెట్టు నిజంగా మంచిది. బోల్టులతో అయిపోతుందన్న మాట మాత్రం తప్పు.

సెట్టులో అసలు విలువ హాల్డెక్స్ కప్లింగ్‌దే. ముందు వైపు షాఫ్టు, వెనక డిఫరెన్షియల్ వేర్వేరు వేగాలతో తిరిగితే లోపలి స్వాష్ ప్లేటు (ఏటవాలు ప్లేటు) పిస్టన్లను నొక్కుతుంది, ఆ ఆయిల్ ఒత్తిడితో క్లచ్ ప్లేట్లు కరుచుకుంటాయి. చిన్న ఎలక్ట్రిక్ పంపు ఒకటి సుమారు 4 బార్ ఒత్తిడి ముందుగానే నింపి ఉంచుతుంది కాబట్టి ముందు చక్రం కొద్దిగా జారగానే వెనక చక్రాలు అందుకుంటాయి. ఎంత కరుచుకోవాలన్నది స్టెప్పర్ మోటార్ వాల్వుతో కంట్రోలర్ నిర్ణయిస్తుంది. ఇంట్లో చేసే మార్పిడికి ఇంత నమ్మకమైన కప్లింగ్ ఇంకొకటి చెప్పలేను. ఇది చెడిపోయిందంటే చాలాసార్లు కారణం ఒకటే, ఆయిల్ మార్చకపోవడం. ప్లేట్ల అరుగుదల పొడి ఫిల్టర్‌ని మూసేస్తుంది, పంపు బిగుసుకుపోతుంది. కొనేముందు పంపు కనెక్టర్‌కి ఒక్క క్షణం 12 వోల్టులు ఇచ్చి తిరిగే చప్పుడు వినాలి. కొంచెం ఆయిల్ బయటికి తీసి వాసన చూడాలి. నల్లగా మాడు వాసన వస్తే ఆ సెట్టు వద్దు.

కొన్నాక బండి కిందికి ఎక్కించకముందే ఆయిలూ ఫిల్టరూ కొత్తవి వేయాలి. 275 మి.లీ. కార్ట్రిడ్జ్‌లో వచ్చే హాల్డెక్స్ ఆయిల్ తప్ప ఇంకేదీ పోయకూడదు. డిఫరెన్షియల్ గదికి సుమారు ఒక లీటరు 75డబ్ల్యూ-90 జీఎల్-5 గేర్ ఆయిల్ పడుతుంది. రెండు గదులూ ఒకే హౌసింగ్‌లో పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఒక ప్లగ్గు అనుకుని ఇంకొకటి విప్పడం మామూలుగా జరిగే పొరపాటు. గేర్ ఆయిల్ హాల్డెక్స్‌లోకి వెళ్లిందంటే ప్లేట్ల పట్టు పోయినట్టే. ఆ తర్వాత ఆయిల్ 30,000 కిలోమీటర్లకు, ఫిల్టర్ 60,000కు మార్చాలి.

ఇక టీటీ సెట్టుతో వచ్చే చిక్కు ముందు నుంచి వెనక్కి శక్తిని చేర్చే పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్టు దగ్గర మొదలవుతుంది. టీటీ వీల్‌బేస్ గోల్ఫ్ కంటే 8 సెంటీమీటర్లకు పైగా తక్కువ కాబట్టి దాని షాఫ్టు గోల్ఫ్‌కి అందదు. కోసి, మధ్యలో గొట్టం వేసి, బ్యాలెన్స్ చేయించే ఉపాయం ఉన్నా దాన్ని నేను సిఫారసు చేయను. ఈ షాఫ్టు చక్రాల కంటే సుమారు 1.6 రెట్లు వేగంగా తిరుగుతుంది. ముందు గేర్‌బాక్స్ నుంచి శక్తిని వెనక్కి మళ్లించే ఏంగిల్ డ్రైవ్ వేగం పెంచుతుంది, వెనక డిఫరెన్షియల్ అంతే మేర తగ్గిస్తుంది. అంత వేగంలో కాస్త బ్యాలెన్స్ తప్పినా మధ్య బేరింగు మూలిగి, రబ్బరు కప్లింగులు చీలిపోతాయి. గోల్ఫ్ ఫోర్‌మోషన్, ఏ3 క్వాట్రో, ఆక్టేవియా 4x4 అనే ఫోర్ వీల్ డ్రైవ్ రకాల్లో ఏదో ఒకదాని షాఫ్టు వెతికి తెచ్చుకోవాలి.

గేర్‌బాక్స్ విషయంలోనూ ఇలాంటి లంకె ఉంది. మామూలు గోల్ఫ్‌లోని 5 గేర్ల 02జే బాక్సుకి ఈ ఏంగిల్ డ్రైవ్ తగలదు. 6 గేర్ల 02ఎం కావాలి, అదీ ఫోర్ వీల్ డ్రైవ్ రకమే. 02ఎంలో ఫ్రంట్ వీల్ డ్రైవ్ రకం కూడా ఉంది, పేరు చూసి తొందరపడొద్దు. 1.8 టర్బో ఇంజనుకి నాలుగు సిలిండర్ల బండి బాక్సే తేవాలి. ఆర్32, వీ6 బండ్ల బాక్సుకి ఇంజను వైపు బోల్టు రంధ్రాలు వేరు. 225 హార్స్‌పవర్ టీటీది ఇక్కడ చక్కగా సరిపోతుంది. బాక్సుతో పాటు ఫ్లైవీల్, క్లచ్, బెల్ హౌసింగ్ లోపలుండే స్లేవ్ సిలిండర్, స్టార్టర్, గేర్ లివరు, దాని కేబుళ్లు, కుడి యాక్సిల్ షాఫ్టు అన్నీ అదే బండివి ఉండాలి. టర్బో నుంచి దిగే డౌన్‌పైపు కూడా మారాలి, ఎందుకంటే పాతది వెళ్లే చోటే ఏంగిల్ డ్రైవ్ కూర్చుంటుంది. విడివిడిగా కొంటే వీటిలో ఏదో ఒకటి మరిచిపోవడం ఖాయం.

ఇంత చేసినా అది తేలిక పనే. కష్టమంతా బండి నేల రేకు దగ్గరుంది. ఫ్రంట్ వీల్ డ్రైవ్ గోల్ఫ్ వెనక టోర్షన్ బీమ్ (రెండు చక్రాలనూ కలిపే అడ్డ దూలం) ఉంటుంది, ట్యాంకు ఒకే ముద్దగా వెనక సీటు కింద ఉంటుంది. ఫోర్‌మోషన్‌లో సబ్‌ఫ్రేమ్ బోల్టులకి వేరే చోట్లు, వేరే ఆకారపు స్టెప్నీ గుంట, షాఫ్టుకి అటూ ఇటూ జీనులా కూర్చునే రెండు అరల ట్యాంకు. ఒక అరలోని పెట్రోలును రెండో అరలోని పంపు దగ్గరికి జెట్ పంపు లాగుతుంది, కాబట్టి ట్యాంకూ పంపూ జతగా తీసుకోవాలి. పాత నేల మీద గొట్టాలతో బ్రాకెట్లు చేసి సబ్‌ఫ్రేమ్ వేలాడదీసిన బండ్లున్నాయి. వాటి వెనక చక్రాల కోణాలు నిలవవు, బ్రాకెట్ చుట్టూ రేకు పగులుతుంది. ఆ దారి పూర్తిగా వదిలేయాలి.

సరైన దారిలో దాత బండి (భాగాలు తీసుకునే ఫోర్ వీల్ డ్రైవ్ బండి) వెనక నేలను, దాని కింది పొడవాటి ఉక్కు దూలాలైన రైళ్లతో సహా తీసి మార్చాలి. ముందు రెండు బండ్లలోనూ రైలు రంధ్రాల మధ్య అడ్డంగా, ఐమూలగా కొలతలు తీసి రాసుకోవాలి. తలుపు సందులు కొలిచి, లోపల అడ్డ గొట్టాలు తాత్కాలికంగా వెల్డ్ చేయకపోతే రేకు కోయగానే బాడీ వంగుతుంది. గ్యాస్ కట్టరుతో కాకుండా స్పాట్ వెల్డ్ కట్టరుతో ఒక్కో చుక్కా విప్పాలి. కొత్త రేకుకి 8 మి.మీ. రంధ్రాలు వేసి మిగ్‌తో ప్లగ్ వెల్డ్ చేయాలి. పొడవుగా గీత లాగితే వేడికి కొలత తప్పుతుంది కాబట్టి ఒక చోట ఒక చుక్క వేసి, దూరంగా ఇంకో చోటికి మారాలి. పని మొదలుపెట్టే ముందే ట్యాంకు, పెట్రోలు పైపులు బయట ఉండాలి, బ్యాటరీ, ఈసీయూ (ఇంజను కంప్యూటర్) విప్పి ఉండాలి. చివరికి జింక్ ప్రైమర్, సీమ్ సీలర్, రైళ్ల లోపల వ్యాక్స్. ఇది చేయని బండి రెండు చలికాలాల్లో రోడ్ల మీద చల్లే ఉప్పుకే తుప్పు పడుతుంది.

వైరింగ్‌లో తీగలు తక్కువే. కప్లింగ్ కంట్రోలర్‌కి పవర్, గ్రౌండ్, క్యాన్ (బండిలోని కంప్యూటర్లు సమాచారం పంచుకునే లైను) తీగలు రెండు, డయాగ్నోసిస్, హ్యాండ్‌బ్రేక్, బ్రేక్ లైటు తీగలు వెళ్తాయి. అయితే ఏబీఎస్ నుంచి చక్రాల వేగం, ఇంజను నుంచి టార్కు సమాచారం క్యాన్ మీద రాకపోతే హాల్డెక్స్ కలవదు, బండి ఫ్రంట్ వీల్ డ్రైవ్‌గానే నడుస్తుంది. దాత బండి ఏబీఎస్ యూనిట్ కూడా తెచ్చి కోడింగ్ చేయించడం మేలు. నాలుగు టైర్లూ ఒకే సైజు, ఒకే అరుగుదలతో ఉండాలి.

నా సలహా ఇది: టీటీ సెట్టు కొనకండి, వెనక నుంచి దెబ్బ తగలని గోల్ఫ్ ఫోర్‌మోషన్ లేదా ఏ3 క్వాట్రో మొత్తం బండి కొనండి. ఇప్పటికే టీటీ తెచ్చుకున్నవాళ్లు గేర్‌బాక్స్, ఏంగిల్ డ్రైవ్, హాల్డెక్స్ దాని నుంచి వాడుకుని, నేల, ట్యాంకు, షాఫ్టు ఫోర్‌మోషన్ నుంచి తెచ్చుకోవాలి. జర్మనీలో ఉన్నవాళ్లు కోత మొదలుపెట్టకముందే టీయూవీ (వాహన తనిఖీ సంస్థ) ఇంజనీరుతో మాట్లాడాలి. అక్కడి వాహన నిబంధనల సెక్షన్ 21 కింద విడిగా ఆమోదం రావాలి, వెల్డింగ్ ఫొటోలు అక్కడ అక్కరకొస్తాయి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఆక్టేవియా ఉన్నవాళ్లకు ఈ దారి లేదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది.

పని పూర్తయ్యాక పరీక్షించడం కోసం బండి ముందు చక్రాలు మాత్రమే జాకీ మీద లేపి గేరు వేయకూడదు. హాల్డెక్స్ కలిసిందంటే వెనక చక్రాలు బండిని స్టాండ్ల మీంచి తోసేస్తాయి. వీసీడీఎస్‌తో (ల్యాప్‌టాప్ డయాగ్నోసిస్ ప్రోగ్రాం) 22వ అడ్రసులో, అంటే ఫోర్ వీల్ డ్రైవ్ కంట్రోలర్‌లో, ఫాల్టులేవీ లేవని చూసుకుని, ఖాళీ కంకర నేల మీద మొదటి గేరులో గట్టిగా కదిలించాలి. నాలుగు చక్రాలూ కంకర విసరాలి. అదే హ్యాండ్‌బ్రేక్ ఒక్క క్లిక్కు లేపి మళ్లీ కదిలిస్తే కంట్రోలర్ కప్లింగ్‌ని వదిలేస్తుంది, ముందు చక్రాలే జారాలి. రెండుసార్లూ తేడా కనిపించకపోతే ముందు హ్యాండ్‌బ్రేక్ తీగను, తర్వాత క్యాన్ తీగలను చూడాలి.