పది బతుకమ్మ పండుగలు చూసిన కాలి మిషన్

2016లో బతుకమ్మ మొదలయ్యే పెత్రమాసకు (భాద్రపద అమావాస్యకు) వారం ముందు ఈ కుట్టు మిషన్ కొన్నాం. నల్ల ఇనుప బాడీ, కాలితో తొక్కే స్టాండు, పైన చెక్క బల్ల, అన్నీ కలిపి 6,800 రూపాయలు. అప్పటికి మా పెద్దమ్మాయికి నాలుగేళ్లు, చిన్నోడు ఇంకా పుట్టలేదు. ఉండేది హనుమకొండలో. కుట్టు నా జీవనోపాధి కాదు, నేను కుట్టేదంతా ఇంటి కోసమే. కాబట్టి రోజూ పది జాకెట్లు కుట్టే షాపువాళ్లకు నా మాటలు సరిపోకపోవచ్చు. పిల్లలున్న ఇంట్లో ఒక తల్లికి ఇది ఎంత పనికొస్తుంది, ఎక్కడ ఇబ్బంది పెడుతుంది అన్నది మాత్రం తొమ్మిదేళ్ల అనుభవంతో చెప్పగలను. ఏ కంపెనీదో రాయడం లేదు. ఒక్క తిన్నని కుట్టు మాత్రమే వేసే ఇలాంటి నల్ల మిషన్లు ఎవరు చేసినా లోపలి అమరిక దాదాపు ఒకటే.

ఏడాదంతా అడపాదడపా వాడినా, దీనికి అసలు పని పడేది ఆశ్వయుజం, కార్తీకం రెండు నెలల్లోనే. వానలు తగ్గుముఖం పట్టి, పొలాల గట్ల మీద తంగేడు, గునుగు విరగబూసే రోజులు. పిల్లలకు దసరా సెలవులు. తొమ్మిది రోజుల బతుకమ్మకు అమ్మాయికి లంగా జాకెట్, నాకు రవికలు, గుమ్మానికి గుడ్డ తోరణాలు, దీపావళికి నూలు బట్టలు, కార్తీకంలో చలి మొదలయ్యేసరికి బొంతలు, అన్నీ వరసగా వచ్చి పడతాయి. దీపావళికి నూలే కుడతాను. నిప్పురవ్వ పడితే సింథటిక్ బట్ట కరిగి ఒంటికి అతుక్కుంటుంది. పిల్లలకు వేసే బట్ట విషయంలో ఈ ఒక్క నియమం మా ఇంట్లో ఎప్పుడూ తప్పలేదు.

నా చేతుల మీద కుట్టిన వాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 2019లో అమ్మాయికి కుట్టిన లంగా. మా అమ్మ పాత నారాయణపేట చీర అది. కోసేముందు చీరను కిటికీ దగ్గర వెలుతురుకు ఎత్తిపట్టి చూడాలి. కూర్చునే చోట నూలు పలచబడి జల్లెడలా కనిపిస్తుంది, కొంగు వైపు మాత్రం గట్టిగా ఉంటుంది. ఆ గట్టి భాగం నుంచే లంగా తీశాను. అంచుకు కాస్త పైన, లోపలి వైపుకు, అంగుళం చొప్పున మూడు మడతలు వేసి కుట్టాను. ఒక్కో మడత విప్పితే రెండంగుళాల పొడుగు వస్తుంది. 2020లో ఒకటి, 2021లో ఒకటి, 2022లో ఒకటి విప్పాం. విప్పిన ప్రతిసారీ లోపల దాగిన బట్ట చుట్టూ ఉన్న రంగు కన్నా ముదురుగా, కొత్తగా బయటపడేది. నాలుగు పండుగలకు ఒకే లంగా. ఇలా విప్పేందుకు వేసే కుట్టు కాస్త పొడుగ్గా ఉండాలి. మిషన్ కుడివైపున్న మరను తిప్పి పొడుగు పెంచుకుంటే, తర్వాత బ్లేడు అక్కర్లేకుండా దారం కొస పట్టి లాగితే వచ్చేస్తుంది.

2020లో అధిక మాసం వచ్చింది. పెత్రమాస సెప్టెంబర్ 17నే అయిపోయినా దసరా అక్టోబర్ 25న పడింది. పెత్రమాస నాటి ఎంగిలిపూల బతుకమ్మకూ మిగతా రోజులకూ మధ్య నెల రోజుల ఎడం. పిల్లలకు బడి లేదు, బయటికి వెళ్లేది లేదు. ఆ నెలంతా మిగిలిన గుడ్డ ముక్కలతో మూడు పొరల మాస్కులు కుట్టి, వాడలో ఎవరు అడిగితే వాళ్లకు ఇచ్చాను. మిషన్ మీద అంత పని ఇంకెప్పుడూ పెట్టలేదు. ఒక్కసారి కూడా మొరాయించలేదు.

మొరాయించింది మాత్రం కొన్న రెండో ఏడు. పండుగ ఆఖరి రోజైన సద్దుల బతుకమ్మ ముందు రాత్రి. అమ్మాయి జాకెట్టుకు పక్క కుట్లు వేస్తున్నాను. పైన కుట్టు బాగానే కనిపిస్తోంది, కింద చూస్తే దారమంతా ఉచ్చులు ఉచ్చులుగా వేలాడుతోంది. కింది దారం చుట్టి ఉండే బాబిన్ మార్చాను, సూది మార్చాను, కింది షటిల్ ఊడదీసి తుడిచాను. పదకొండు దాటినా అదే తీరు. మా అత్తమ్మ పక్కన కూర్చుని గునుగు పూలకు రంగు అద్దుతూ, "పాదం ఎత్తి దారం ఎక్కించినవా బిడ్డా?" అని అడిగింది. ఎక్కించలేదు. గుడ్డను నొక్కే పాదం కిందికి దించి ఉంటే, దారం బిగువు చూసే రెండు బిళ్లలు మూసుకుని ఉంటాయి. దారం వాటి మధ్యకు పోకుండా పైపైనే ఉంటుంది. బిగువు లేని పైదారం కింద ఉచ్చులు కడుతుంది. పాదం ఎత్తి మళ్లీ ఎక్కించాను, మొదటి అంగుళానికే కుట్టు కుదిరింది. కింద కనిపించే తప్పుకు కారణం చాలాసార్లు పైనే ఉంటుందని కొత్తగా నేర్చుకునేవాళ్లు గుర్తుపెట్టుకోవాలి. బాబిన్‌ను తిట్టుకుంటూ నేను రెండు గంటలు పోగొట్టుకున్నాను.

ఆ తర్వాత ప్రతి పండుగ ముందూ ఒక పరీక్ష చేస్తాను. పైన ఎర్ర దారం, బాబిన్‌లో తెల్ల దారం పెట్టి, రెండు మడతల పాత గుడ్డ మీద జానెడు కుట్టు వేస్తాను. కింది వైపు ఎర్ర చుక్కలు కనిపిస్తే పై బిగువు చాలలేదని లెక్క. పైన తెల్ల చుక్కలు కనిపిస్తే మరీ బిగిసింది. రెండు దారాలూ గుడ్డ పొరల మధ్యనే ముడిపడాలి. బాబిన్ కేసును దారంతో పట్టుకుని వేలాడదీసి చిన్నగా కుదిపితే అంగుళమో రెండంగుళాలో జారి ఆగాలి. ఝుమ్మని నేల దాకా జారిందంటే వదులు, కదలకపోతే బిగువు. దాని పక్కనున్న చిన్న స్క్రూను పావుచుట్టు తిప్పితే చాలు, అంతకన్నా ఎక్కువ ఎప్పుడూ తిప్పవద్దు.

సూది సంగతీ ఇక్కడే చెప్పేస్తాను. పలచని బట్టకు 11, మామూలు నూలుకు 14, బొంతకు 16, జీన్స్ లాంటి మందం బట్టకు 18. సూదికి ఒక వైపు పొడవాటి గాడి ఉంటుంది, ఆ గాడి ఉన్న వైపు నుంచే దారం ఎక్కించాలి. మొన కొంచెం మొద్దుబారినా కుట్టు మధ్యమధ్యలో దాటిపోతుంది. వానాకాలం తర్వాత డబ్బాలో ఉన్న సూదులకు తుప్పు పట్టిందేమో చూసుకుని, పాతవి తీసేసి కొత్తవి వాడటం మంచిది. పది రూపాయల సూదికి చూసుకుంటే పట్టు జాకెట్టు దారాలు లేచిపోతాయి.

మొదటి ఏడాది నూనె అయిపోతే కొబ్బరి నూనె వేశాను. ఆ చలికాలం చక్రం చేత్తో తిప్పినా కదలనంతగా బిగుసుకుపోయింది. కొబ్బరి నూనె ఆరి జిగురులా పట్టేస్తుంది. వరంగల్ చౌరస్తా వైపు చిన్న దుకాణం పెట్టుకున్న ఒక పెద్దాయన కిరోసిన్ చుక్కలు వేసి, ఆగి ఆగి తిప్పి, గంటసేపట్లో దారికి తెచ్చాడు. మిషన్ నూనె నీళ్లలా పలచగా, రంగు లేకుండా ఉంటుంది. చిన్న సీసా ఇంటి వాడకానికి చాలాకాలం వస్తుంది. ఇనుము ఇనుముకు రాసుకునే ప్రతి చోటా ఒక్క చుక్క చాలు. వేశాక పనికిరాని గుడ్డ మీద కాసేపు తొక్కాలి, లేకపోతే మంచి బట్ట మీద నూనె మరకలు పడతాయి.

ఇక బొంత. ఈ మిషన్‌తో నాకు ఎక్కువ తృప్తినిచ్చిన పనీ ఇదే, ఎక్కువ ఓపిక పరీక్షించిన పనీ ఇదే. పైకి ఒక పాత నూలు చీర, కిందికి ఒకటి, నడుమ మూడు పొరలు. అన్నీ ఉతికి, ఎండలో బాగా ఆరినవై ఉండాలి. మిషన్ పళ్లు కింది పొరను ముందుకు లాగుతాయి, పై పొర పాదానికి రాసుకుని వెనకబడుతుంది. నాలుగు వరసలు వేసేసరికి పై గుడ్డ ముడతలు పడి ఒక మూల గుమిగూడుతుంది. నా మొదటి బొంత అలాగే పాడైంది. దానికి రెండు ఉపాయాలు. బెత్తెడు దూరానికి ఒకటి చొప్పున చేతి టాకాలు ముందే వేసుకోవాలి. మిషన్ తల మీదున్న మర వదులు చేసి పాదం ఒత్తిడి తగ్గించాలి. కుట్టడం ఎప్పుడూ నడుమ నుంచి మొదలుపెట్టి అంచులకు రావాలి. కుట్టే భాగం కుడివైపు చాపలా చుట్టి మిషన్ చేతి కింద పెట్టుకోవాలి, ఎడమవైపు బరువు వేలాడకుండా ఒక స్టూలు వేసుకోవాలి. లేదంటే ఆ బరువు గుడ్డను లాగి సూదిని వంచి విరిచేస్తుంది. నాకు విరిగిన సూదుల్లో సగానికి పైగా ఇలా విరిగినవే. పాలిస్టర్ చీరలు జారిపోతాయి, వాటిని దగ్గరికి రానివ్వకండి. ఐదు పొరలకు మించినా వద్దు, మిషన్ కుట్టినా మీరు ఉతికి పిండలేరు. ఇప్పటికి ఏడు బొంతలు కుట్టాను. చిన్నోడు మొదటి చలికాలం పడుకున్నది వాళ్ల అమ్మమ్మ చీరల బొంతలోనే.

మూడో ఏడు మోటారు పెట్టించాను, 1,500 అయింది. వేగం పెరిగింది, మోకాళ్ల నొప్పి తగ్గింది. పొడుగు కుట్లకు, తెరలకు బాగుంది. కానీ జాకెట్టు మెడ తిప్పుకునే చోట, మూలల దగ్గర కాలితో తొక్కినంత నిదానం మోటారుకు రాదు. పాదం పెడల్ మీద కొంచెం ఒత్తితే చాలు, నాలుగు కుట్లు ముందుకు దూకుతుంది. అందుకే స్టాండు, తోలు బెల్టు తీసేయలేదు. పండుగ రోజుల్లో కరెంటు పోయినా పని ఆగదు. తోలు బెల్టు కొన్నాళ్లకు సాగి జారుతుంది. అర అంగుళం కోసి మళ్లీ కొక్కెం వేసుకుంటే సరిపోతుంది, కొత్తది కొనక్కర్లేదు.

అసంతృప్తి లేదని చెప్పను. బల్ల అసలు కర్ర కాదు, అతుకు చెక్క. మూడో వానాకాలానికి అంచుల్లో ఉబ్బి పొరలు లేచింది. వడ్రంగితో కొత్త పలక వేయించడానికి మిషన్ ధరలో ఐదో వంతు ఖర్చయింది. మిషన్‌తో వచ్చిన బాబిన్ కేసు నాసిరకం, ఏడాదికే దారం తెంపడం మొదలుపెట్టింది. రెండేళ్ల వారంటీ అని చెప్పి అమ్మిన షాపు, ఫోన్ చేసిన ప్రతిసారీ మనిషిని పంపుతామంది, ఒక్కసారీ పంపలేదు. ఇవి నాకు బాధ కలిగించిన విషయాలు. కొనేటప్పుడు బల్ల అంచు తట్టి చూడండి, బాబిన్ కేసు మంచిది విడిగా కొనుక్కోండి.

ఇది చేయలేని పనులూ ఉన్నాయి. పీకో రాదు, అంచు దారాలు ఊడకుండా వేసే ఓవర్‌లాక్ రాదు, గుండీలకు కాజాలు రావు. చీరలకు పీకో బయటే చేయిస్తాను, ఫాల్ చేత్తో వేసుకుంటాను. పిల్లల బట్టల లోపలి అంచులు ఊడకుండా, ముందు బట్ట మంచివైపు బయటికి ఉంచి సన్నగా ఒక కుట్టు వేసి, తిరగేసి ఆ అంచు లోపల మూసుకుపోయేలా మరో కుట్టు వేస్తాను. టైము రెట్టింపు పడుతుంది, కానీ ఒంటికి గీసుకోదు. సాగే బట్టలు, టీషర్టుల లాంటివి కుట్టాలనుకుంటే మాత్రం ఇది తీసుకోవద్దు. తిన్నని కుట్టు సాగదు, లాగితే తెగుతుంది. జిగ్‌జాగ్ ఉన్నది చూసుకోండి. మా చెల్లె అలాంటిదే తీసుకుంది, దాంతో టీషర్టులు చక్కగా కుడుతుంది. బొంత మాత్రం నా దగ్గరికే తెస్తుంది.

పోయిన దసరా సెలవుల్లో అమ్మాయికి నేర్పడం మొదలుపెట్టాను. మోటారు బెల్టు తీసేసి, తొక్కుడు మీదే. దారం లేకుండా, గీతల నోటుబుక్కు కాగితం మీద. పాత సూది పెట్టి గీత మీదే చిల్లులు పడేలా నడపమన్నాను. మొదటి రెండు రోజులు చక్రం వెనక్కి తిరుగుతూనే ఉంది. చక్రం పైభాగం మన వైపుకు రావాలి, ముందు చేత్తో ఒక్క తిప్పు ఇచ్చి అప్పుడు తొక్కాలి. మూడో రోజుకు చిల్లులు గీత దాటకుండా వచ్చాయి. ఆ కాగితాన్ని వెలుతురుకు పట్టి తమ్ముడికి చూపించింది, "చూడురా, చుక్కలన్నీ లైన్ల ఉన్నయి" అని. తర్వాత మూలలు, గుండ్రాలు. ఈ ఏడు సద్దుల బతుకమ్మకు పద్మాక్షి గుట్టకు వెళ్లినప్పుడు సద్దుల గిన్నెల మీద కప్పిన గుడ్డలన్నీ అది కుట్టినవే. ఒకదాని మూల కాస్త వంకర పోయింది, విప్పనివ్వలేదు నేను.

మళ్లీ కొనాల్సి వస్తే ఏం కొంటానని చెల్లె అడిగింది. ఇదే రకం, ఇంకా చెప్పాలంటే పాతది. బాగా వాడిన ఇనుప మిషన్ దొరికితే చక్రం చేత్తో తిప్పి చూడండి. ఎక్కడా పట్టకుండా ఒకే తీరుగా తిరగాలి. సూదిని పట్టుకుని పక్కలకు కదిపితే ఆడకూడదు. పళ్లు అరిగి నున్నగా ఉంటే గుడ్డ ముందుకు పోదు, కానీ ఆ ముక్క మార్చుకోవచ్చు. మీతో పాటు ఒక పాత గుడ్డ, రెండు రంగుల దారం తీసుకెళ్లి ఆ ఎర్ర, తెల్ల పరీక్ష అక్కడే చేయండి. పెయింటు పోయిందని వెనకాడకండి.

2019 నాటి ఆ నారాయణపేట లంగా ఇప్పుడు మళ్లీ మిషన్ మీదికి వచ్చింది. చెల్లె కూతురికి ఆరేళ్లు. నడుము బిగించి, అంచు పైన మళ్లీ మూడు మడతలు వేస్తున్నాం. రెండు మడతలు నేను కుట్టాను, మూడోది మా అమ్మాయి కుడుతోంది. మడతలు మొదటిసారి పడ్డ చోట గీతలు ఇంకా పోలేదు, వాటి మీదుగానే సూది నడుస్తోంది.