విజయనగరంలో సర్వే ఫారాల డీటీపీ షాపు: ప్రింటింగు భేష్, అనువాదంతో జాగ్రత్త

థీసిస్ టైపింగు, బైండింగుతో పాటు ప్రశ్నావళుల అనువాదం, ఇంటర్వ్యూలను విని రాసిపెట్టడం కూడా చేసే షాపు ఇది. పార్టీల మీద, పాపులిజం మీద పరిశోధన చేసేవాళ్లు అన్నీ ఒకేచోట అయిపోతాయని మొత్తం అప్పజెప్పేస్తే ఇబ్బందే.

ప్రింటింగుకు వంక పెట్టలేం. ఏ4 మీద రెండు వైపులా వేయిస్తే 80 జీఎస్ఎం కాగితం అడగండి. పల్చటి కాగితమైతే వెనక అక్షరాలు కనబడి, ఎండలో నిలబడి టిక్కు పెట్టేవాళ్లు గడి తప్పుతారు.

అనువాదం దగ్గరే చిక్కు. "పాపులిజం" అనగానే "జనాకర్షక పథకాలు" అని దింపేస్తారు. పేపర్ల భాషే అది, తప్పంతా షాపుదని అనలేం. పరిశోధకులకు మాత్రం పాపులిజం అంటే, మంచి జనం ఒకవైపు, చెడిపోయిన పెద్దలు ఒకవైపు అని చీల్చి చెప్పే వాదన. జవాబులను వర్గాలుగా విడదీసేటప్పుడు ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యానికి ఒక కోడు (వర్గం గుర్తు), "సమాజమే దేవాలయం, ప్రజలే దేవుళ్లు" నినాదానికి ఇంకో కోడు పెట్టుకోవాలి. రెండూ ఒకే గాటన కడితే, పథకాలిచ్చిన ప్రతి పార్టీ పాపులిస్టుగా తేలుతుంది.

మనుషుల్లో పాపులిస్టు ధోరణి ఎంతుందో కొలవడానికి 2014లో అకెర్‌మన్, ముడ్డె, జాస్లోవ్ అనే పరిశోధకులు తయారుచేసిన కొలమానాన్ని తెలుగు చేయిస్తే "కాంప్రమైజ్" కాస్తా "రాజీ" అయి వస్తుంది. మన ఊళ్లలో రాజీ మంచి మాట, తగువు తెగిందని అర్థం. "రాజీ అంటే సిద్ధాంతాన్ని అమ్ముకోవడమే" అని చదివితే అవతలి మనిషి తెల్లబోయి చూస్తాడు. "పార్టీలు లోపల్లోపల కుదుర్చుకోవడం" అని విడమరిస్తే దారిలో పడుతుంది. "ఏకీభవిస్తాను" బదులు "ఒప్పుకుంటాను", "పౌరుడు" బదులు "మనలాంటి మామూలు మనిషి" అని మీరే దిద్దివ్వండి. దిద్దాక, ఇంగ్లిషు మూలం చూడని ఇంకొకరి చేత వెనక్కి ఇంగ్లిషులోకి చేయించండి, చాలా తేడాలు బయటపడతాయి. ఆ కొలమానంలో పాపులిజం వాక్యాలన్నీ ఒకే దిశలో ఉంటాయి కాబట్టి, అన్నిటికీ "ఔను బాబూ" అనేవాళ్లకు మార్కులు ఊరికే పెరిగిపోతాయి. అర్థం తిరగేసిన వాక్యాలు ఒకటి రెండు కలపడం మీ పని, షాపు పని కాదు.

ఇంటర్వ్యూల రాతలో వేగం ఉంది, చెవీ మంచిదే. చెయ్యే ఆగదు. "బుగతలికి (భూస్వాములకు) ఎవులు ఎదురు సెప్తారు?" అని రికార్డులో ఉంటే, "ధనవంతులకు ఎవరు ఎదురు చెబుతారు?" అని శుద్ధి చేసేస్తారు. పెద్దలంటే ఎవరో ఆ మనిషి తన మాటలో చెప్పిన ఒక్క ఆధారమూ అక్కడే పోయింది. "పెద్దోలు" ఇంకా తంటా: ఊరి పెద్దలా, డబ్బున్నోళ్లా అన్నది ముందూ వెనకా మాటలతోనే తెలుస్తుంది. ఉన్నదున్నట్టు రాయాలని కాగితం మీద రాసిచ్చి, తొలి పది నిమిషాల రాతను రికార్డుతో సరిచూశాకే మిగతాది ఇవ్వండి.

ఫైలు యూనికోడ్‌లోనే (ఏ కంప్యూటరైనా తెలుగుగా గుర్తించే పద్ధతిలోనే) కావాలని ముందే చెప్పాలి. చెప్పకపోతే అలవాటుకొద్దీ "అను" అనే పాత తరహా ఫాంట్లలో కొట్టేస్తారు. ప్రింటు చక్కగానే వస్తుంది. ఇంటర్వ్యూలను విశ్లేషించే ఎన్‌వివో సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించాక మాత్రం ఇంగ్లిషు అక్షరాల గజిబిజి తప్ప ఏమీ ఉండదు, "బుగత" అని వెతికితే ఒక్కటీ దొరకదు.

ఆడియో ఇచ్చే ముందు పేర్లు, ఊర్లు తీసేసి నంబర్లు వేయండి. పని అయ్యాక షాపు కంప్యూటర్లో ఆ ఫోల్డరును, రీసైకిల్ బిన్నుతో సహా, దగ్గరుండి తీయించండి. ఏ పార్టీకి ఓటేశారో చెప్పిన గొంతులవి.