‘ఐ7, 16 జీబీ, 4 జీబీ గ్రాఫిక్స్’ అన్న చీటీని నమ్మి గేమింగ్ కంప్యూటర్ కొనకండి

గేమింగ్ కంప్యూటర్‌ను బిగించి ఉన్నదే కొనాలా, విడిభాగాలు తెచ్చి మనమే బిగించుకోవాలా అని తేల్చుకోలేకపోతున్నవారు, ముఖ్యంగా పిల్లల పోరు పడలేక దుకాణానికి బయలుదేరుతున్న తల్లిదండ్రులు, డబ్బు కట్టే ముందు ఇది చదవవలసిందిగా కోరుతున్నాను.

దాళ్వా (రెండో పంట) ధాన్యం డబ్బు చేతికందగానే కోనసీమ నుంచి గోదావరి దాటి వెళ్లి, పట్టణంలోని ఒక దుకాణంలో మా అబ్బాయి కోసం 42,000 రూపాయలు పెట్టి బిగించి ఉన్న కంప్యూటర్ కొన్నాను. అద్దం తలుపు, లోపల రంగురంగుల దీపాలు, పైన ‘ఐ7, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్’ అన్న చీటీ. ఆ మూడింటిలో ఒక్కటీ అబద్ధం కాదు. మోసమంతా రాయకుండా వదిలేసిన మాటల్లోనే ఉంది.

ఆటలు ఆగి ఆగి నడుస్తున్నాయని అబ్బాయి వారం తిరక్కుండానే గొడవ పెట్టడంతో, అమలాపురంలో తెలిసిన మెకానిక్ చేత మూత తీయించాను. ప్రాసెసర్, అంటే కంప్యూటర్‌కు మెదడు లాంటి చిప్, ఇంటెల్ ఐ7-3770, అంటే 2012లో వచ్చిన మూడో తరం సరుకు. విండోస్ 11కు ఇంటెల్ ప్రాసెసర్లలో సాధారణంగా ఎనిమిదో తరమైనా ఉండాలి. అంటే దీనికి మిగిలేది విండోస్ 10, దానికి మామూలు మద్దతు (భద్రతా అప్‌డేట్‌లు) 2025 అక్టోబరు 14తోనే ముగిసింది. ఆటల బొమ్మలను తెరపైకి తెచ్చే గ్రాఫిక్స్ కార్డు 2014 నాటి జీటీ 730, అందులోనూ డీడీఆర్3 అనే నెమ్మదైన పాత మెమరీ రకం. దాని మెమరీ సెకనుకు సుమారు 14 జీబీ సమాచారాన్ని అందిస్తే, అదే 4 జీబీ ఉన్న జీటీఎక్స్ 1650 సెకనుకు 128 జీబీ అందిస్తుంది. పెద్ద చెరువుకు చిన్న తూము పెట్టినట్టన్నమాట. లోపలి భాగాలన్నిటికీ కరెంటు అందించే పవర్ సప్లై మీద కంపెనీ పేరు కూడా లేదు. రాత్రిళ్లు రొయ్యల చెరువుల ఏరేటర్లన్నీ తిరిగే వేళ వోల్టేజీ పడిపోయే మా ఊళ్లో నన్ను ఎక్కువగా భయపెట్టింది ఇదే.

తిరిగి వెళ్లి అడిగితే, “ఆయ్, మీరు ఐ7 అడిగారండి, ఐ7 ఇచ్చామండి” అన్నారు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి సలహా కూడా అడగవచ్చు. కానీ నా చేతిలో ఉన్నది జీఎస్టీ నంబరు లేని కచ్చా చీటీ. పన్ను మిగులుతుందని నేనే ఒప్పుకున్నాను, ఆ తప్పు నాదే.

బిగించి ఉన్నవన్నీ చెడ్డవని నేను అనను. ఏది పాడైనా ఒకే చోట అడగగలగడం నిజంగా సౌకర్యమే. అయితే ప్రాసెసర్, భాగాలన్నీ బిగించే మదర్‌బోర్డు, గ్రాఫిక్స్ కార్డు, పవర్ సప్లైల పూర్తి మోడల్ నంబర్లు, సీరియల్ నంబర్లతో సహా, పక్కా బిల్లులో రాసివ్వని చోట కొనకండి. కంప్యూటర్ ఆన్ చేయించి విండోస్‌లోని టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ పూర్తి పేరు చూడండి. గ్రాఫిక్స్ కార్డు సంగతి జీపీయూ-జడ్ (GPU-Z) అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చెబుతుంది. విడిభాగాలు కొనుక్కుంటే సీలు విప్పని పెట్టెలు మన చేతికే వస్తాయి, ఒక్కొక్కదానికి కంపెనీ వారంటీ విడిగా ఉంటుంది. బిగించడం ఒక పూట పని.

రెండోసారి మేము ఆ దారే పట్టాం. పాత ర్యామ్ డీడీఆర్3 కావడంతో కొత్త మదర్‌బోర్డుకు పనికిరాలేదు. 42,000 పెట్టి కొన్నదానిలో మళ్లీ వాడుకోగలిగినవి క్యాబినెట్, ఫైళ్లు దాచే ఎస్‌ఎస్‌డీ మాత్రమే.