చప్పుడు దాచే గేట్ ఆన్ చేసి ఖరాబ్ మిషన్ అంటగట్టిండు, ఎఫెక్ట్స్ ప్రాసెసర్ కొనేటోళ్లు జెర పైలం

కోపం మీద రాస్తున్న, తప్పులుంటే ఏమనుకోకుండ్రి. కరీంనగర్ దిక్కు సెకండ్‌హ్యాండ్ సౌండ్ సామాను అమ్ముతడు చూడుండ్రి, ప్రతి ఫొటోల కింద ఆకుపచ్చ టేబుల్ క్లాత్ పరిచి పెడ్తడు, ఆయనే. పేరు చెప్ప, మీకు ఎరికే. పోయిన ఆదివారం ఆయన కాడ వోకల్ ఎఫెక్ట్స్ ప్రాసెసర్, అంటే పాడే గొంతుకు మోత గీత కలిపే మిషన్, ఒకటి కొన్న, 14 వేలు. బతుకమ్మ దగ్గరికొస్తున్నది, మా పెద్దమ్మతోని ఊరి పాటలు నాలుగు రికార్డు చేయాల్నని తొందర. గా తొందరే కొంప ముంచింది.

నేను పోయేసరికే టేబుల్ మీద అన్నీ కలిపి పెట్టిండు, మైకు, మిషన్, చిన్న స్పీకర్. మైకు నా చేతికి ఇయ్యనే ఇయ్యలే. తనే పట్టుకొని "హలో హలో మైక్ టెస్టింగ్" అని గొంతు చించుకున్నడు. రివర్బ్, అంటే గొంతుకు మోత కలిపేది, హాల్ సెట్టింగు మీద ఉంది, డికే, అంటే ఆ మోత సాగే టైము, నాలుగు సెకండ్లు, మిక్స్, అంటే మోత పాలు, సగానికి పైన, ఇగ చూస్కోండ్రి ఆ చిన్న మడిగె కాస్త వేయి స్తంభాల గుడి లెక్క మోగింది. ఆయన నోరు మూయంగనే చీమ చిటుక్కుమన్నా వినొచ్చేటట్టు ఉంది. నేనేమన్ననో తెలుసా? "అన్నా, ఎంత సైలెంట్ ఉందే మిషన్" అన్న. నా నోటితోని నేనే. ఆయన నవ్విండు. ఎందుకు నవ్విండో ఇప్పుడు సమజైంది.

అసలు గాడనే పట్టుకోవాలె నేను. నాలుగు సెకండ్ల డికే అంటే మాట ఆపినంక కూడ ఆ మోత మెల్లగ సన్నబడుకుంట పోవాలె కదా, గాడ "హలో" అన్నంక అర సెకండ్ మోగి కత్తెర పెట్టి కోసినట్టు తెగిపోయింది. గేట్ అంటే చప్పుడు ఒక హద్దు కంటె తగ్గంగనే దారి మూసేసేది. దాన్ని రివర్బ్ తర్వాత పెట్టిండన్నట్టు. 1980లల్ల డ్రమ్స్‌కి కావాల్ననే గట్ల కోసేటోళ్లు, గేటెడ్ రివర్బ్ అంటరు, గది నాకు తెలుసు, తెలిసి కూడ "ఏదో స్టైల్ పెట్టినట్టున్నడు" అనుకున్న. చదవేస్తే ఉన్న మతి పోయిందంటే ఇదే. గేట్ పేజీ తెరుద్దామని చెయ్యి పెట్టబోతే "అది కంపెనీ సెట్టింగు తమ్మీ, ముట్టకు" అని నా చెయ్యి పక్కకు జరిపిండు. నేనేమో బుద్ధిమంతుని లెక్క చెయ్యి జేబుల పెట్టుకొని, అదే జేబుల నుంచి పైసలు తీసిచ్చిన.

ఇంటికొచ్చి పెద్దమ్మను మైకు ముంగట కూసోబెట్టిన. ఆమె మెత్తగ పాడ్తది. లైను చివర "ఉయ్యాలో" వస్తది కదా, "లో" కాడికి వచ్చేసరికి గొంతు దించి గాలిల వదిలేస్తది, ఆమె పాట అందమంత గాడనే. హెడ్‌ఫోన్ల ఏమొస్తున్నది? "ఉయ్యా". మళ్ళ "ఉయ్యా". "లో" అంత గేట్ మింగేస్తున్నది. పెద్దమ్మ హెడ్‌ఫోన్ పెట్టుకొని ఇని "నా పండ్లు ఊడినయని దీనికెట్ల తెల్సిందిరా" అన్నది.

చూస్తే త్రెషోల్డ్, అంటే ఎంత చప్పుడుకు గేట్ తెరుచుకోవాల్నో ఆ హద్దు, మైనస్ 30 డీబీ కాడ ఉంది. మైనస్ 45కి దించిన. దించంగనే లోపలికెల్లి జుంయ్ మని, తేనెతుట్టెను కదిపినట్టు. మన కరెంటుదే, 50 హెర్ట్జ్ హమ్ము, దాని మీద బుస్సుమని హిస్సు. గేట్ మూసుకున్నంతసేపు అది బయటికి రాదు, తెరుచుకుంటే పాటతోని పాటు అదీ వస్తది. రిలీజ్, అంటే గేట్ మూసుకునేదానికి పట్టే టైము, 400 మిల్లీసెకండ్లకు పెంచిన, "లో" వచ్చింది గాని దాని తోక పట్టుకొని హమ్ము కూడ వచ్చింది. గేట్‌ని రివర్బ్‌కి ముందు పెట్టిన, మోత చక్కగ సాగింది, గాని ఆమె పాడుతున్నంతసేపు జుంయ్ కూడ రివర్బ్‌ల పడి హాలంత నిండింది. వైరు మార్చిన, మైకు మార్చిన, దోస్తు కాడ అదే వోల్టేజీ అడాప్టర్ తెచ్చి పెట్టిన, రాత్రి పన్నెండయింది, ఏం ఫాయిదా లేదు.

తెల్లారి స్పీకర్ ఆన్ చేసి అమ్మినాయనకు ఫోన్ చేసిన. "సెట్టింగ్ రాదు నీకు" అన్నడు. గేట్ తగ్గిస్తే హమ్ వస్తుందన్నా అంటే "తగ్గించుమని ఎవరు చెప్పిండ్రు" అన్నడు. మాట చివర తెగిపోతుందన్నా, మా పెద్దమ్మ మెత్తగ పాడ్తది అన్న. ఇగ ఇనుండ్రి. "అయితే మీ పెద్దమ్మను గట్టిగ పాడుమను. అయినా బతుకమ్మ పాటలకు గింత మిషనెందుకే, ఫోన్ల రికార్డు చేస్కోరాదు" అని నవ్వి పెట్టేసిండు.

పెద్దమ్మ పక్కనే ఉంది. అన్నీ ఇన్నది. కొంగు సదురుకొని "గట్టిగ పాడాల్నా బిడ్డా" అని అడిగింది. వద్దే అంటే ఇనకుంట పాడింది కూడ, 70 ఏండ్ల మనిషి, మెడ నరాలు ఉబ్బంగ. "లో" ఇనవడ్డది. పాట పోయింది. 14 వేలు పోతే పోనీ అనుకుంట గాని ఇది మాత్రం మింగుడు పడ్తలేదు.

నిన్న చౌరస్త కాడ మెకానిక్‌తోని మిషన్ ఇప్పిచ్చిన. ఇన్‌పుట్ జాక్ కాడ గ్రౌండ్ తెగితే ఎవరో అదరాబదరా టంకం పెట్టి పక్కన బోర్డు కూడ కాలబెట్టిండ్రట. అంటే అమ్మినాయనకు తెలుసు. తెల్వకపోతే త్రెషోల్డ్ సరిగ్గ గా హమ్ముకు పైన ఎట్ల పెడ్తడు? ఎక్కడ పెడ్తే చప్పుడు దాగుతదో తిప్పి తిప్పి చూసే పెట్టి ఉంటడు. అంత ఓపిక ఉన్నోడు టంకమేదో సక్కగ పెట్టకపోయిండు.

ఇప్పుడు నా నంబర్ బ్లాక్ చేసిండు. ఇయ్యాల్ల పొద్దున మా దోస్తు ఇంకో మిషన్ ఫొటో పంపిండు, అదే ఆకుపచ్చ క్లాత్, పెద్దగ చేసి చూస్తే స్క్రీన్ మీద గేట్ ఆన్.

పోయేటోళ్లు పోండ్రి గాని మీ మైకు, మీ వైరు, మీ హెడ్‌ఫోన్ తీస్కపోండ్రి. గేట్ ఆఫ్, రివర్బ్ మిక్స్ సున్నా, గెయిన్, అంటే మైకు చప్పుడు పెంచేది, పాడేటప్పుడు ఎంత పెడ్తరో అంత పెట్టి, ఏం మాట్లాడకుంట రెండు నిమిషాలు ఇనుండ్రి. ముట్టకు అన్నడంటే పైసలు తీయకుండ్రి. చౌరస్తల ఆ ఇన్‌పుట్ బోర్డు దొరకలే, ఎవరికన్న హైదరాబాద్‌ల దొరికే జాగ తెలిస్తే చెప్పుండ్రి.