‘క్లాస్ ఏ’ రిపోర్టు చూసి ఎస్టీపీ ఎరువు కొంటున్నారా? జాగ్రత్త

చేవెళ్ల, షాద్‌నగర్, శంకర్‌పల్లి వైపు పొలాలున్నవాళ్లూ, సిటీలో మిద్దెతోట పెంచేవాళ్లూ ఇది తప్పకుండా చదవండి. ఈ మధ్య ‘నల్ల కంపోస్టు’, ‘ప్రాసెస్ చేసిన సేంద్రియ ఎరువు’ అంటూ ట్రాక్టరు లోడ్ల లెక్కన ఒకటి అమ్ముతున్నారు. పశువుల ఎరువు ధరలో సగానికే ఇస్తారు, పొలం దాకా తెచ్చి దింపుతారు. అది మురుగునీటి శుద్ధి ప్లాంటు (ఎస్టీపీ) అడుగున మిగిలే బురద, అదే స్లడ్జ్. అమ్మేవాడు ఆ ముక్క మాత్రం చెప్పడు.

నేనూ అలాగే ఒక లోడు కొన్నాను. దింపిన రోజు ఎవరికీ అనుమానం రాదు. నల్లగా, పొడిపొడిగా ఉంది, వాసన కూడా పెద్దగా లేదు. నీళ్లు పెట్టాక మొదలైంది డ్రైనేజీ కంపు. మళ్లీ ఆరితే చేత్తో నలిపినా నలగని గడ్డలు. పగలగొట్టి చూస్తే వెంట్రుకలు, షాంపూ ప్యాకెట్ల ముక్కలు, చెవిలో తిప్పుకునే బడ్స్ పుల్లలు. వీటన్నిటికంటే పెద్ద గుర్తు ఇంకొకటుంది. పాలకూర చల్లిన మడిలో, ఎవరూ విత్తనం వేయకుండానే, టమాటా మొక్కలు గుంపులు గుంపులుగా లేచాయి. టమాటా గింజ మనిషి కడుపులో అరగదు, ప్లాంటులో కూడా చాలాసార్లు బతికి బయటపడుతుంది. కలుపు తీయడానికి వచ్చిన అవ్వ ఒక్క చూపులో తేల్చేసింది: “ఇది పెంట గాదు సారూ, మోరీల బురద!”

ఫోన్ చేసి గట్టిగా అడిగితే అమ్మినాయన వాట్సాప్‌లో ఒక ల్యాబ్ రిపోర్టు పంపాడు. దాని మీద ‘అమెరికా ఈపీఏ క్లాస్ ఏ, పాస్’ అని ఉంది. ఈపీఏ అంటే అక్కడి పర్యావరణ రక్షణ సంస్థ. రిపోర్టు దొంగది కాకపోవచ్చు. కానీ క్లాస్ ఏ అన్నది క్రిముల లెక్క. గ్రాము పొడి సరుకులో ఫీకల్ కోలిఫాం (మలంలో ఉండే బ్యాక్టీరియా) వెయ్యి లోపు ఉందా, లేదంటే రోగాలు తెచ్చే సాల్మొనెల్లా బ్యాక్టీరియా పరిమితి లోపు ఉందా అని చూసే పరీక్ష అది. కాడ్మియం, సీసం, నికెల్ ఎంతున్నాయో అందులో ఉండదు. గామా కిరణాలతో శుద్ధి చేశామన్నా ఇదే సంగతి. అహ్మదాబాద్‌లో బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) టెక్నాలజీతో స్లడ్జ్‌కి అలా చేస్తారు. దాంతో క్రిములు చస్తాయి, లోహాలు ఎక్కడివక్కడే ఉంటాయి.

పోనీ లోహాల్లో కూడా అమెరికా లెక్కకి పాస్ అయిందనుకుందాం. అక్కడ 1993లో తెచ్చిన నిబంధనల ప్రకారం, అడ్డంకులేమీ లేకుండా అమ్ముకునే మేలురకం స్లడ్జ్‌లో కూడా కిలోకి 39 మిల్లీగ్రాముల కాడ్మియం, 420 నికెల్, 300 సీసం ఉండొచ్చు. మన ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో (1985) సిటీ కంపోస్టుకి పెట్టిన హద్దులు కాడ్మియం 5, నికెల్ 50, సీసం 100. అక్కడ పాసైంది ఇక్కడ దారుణంగా ఫెయిల్ కావచ్చన్నమాట. నేను మిగిలిన కుప్పలోంచి శాంపిల్ తీసి ప్రైవేటు ల్యాబులో ఇచ్చాను. కాడ్మియం, నికెల్ రెండూ మన హద్దు దాటాయి, ఉప్పు ఎంతుందో చెప్పే ఈసీ కూడా హద్దు అయిన 4 దాటింది. నేను చల్లిన పాలకూర మొలక ఎందుకు మాడిపోయిందో అప్పుడు అర్థమైంది. మామూలు భూసార పరీక్షలో ఈ లోహాలు చూడరు, విడిగా అడిగి చేయించాలి. ఖర్చు ఎక్కువే.

ఇంట్లోంచి పోయే నీళ్లలో లోహాలెక్కడివి అనొచ్చు. మన మురుగు కాలువల్లోకి ఇళ్ల నీళ్లొక్కటే పోవు. ప్లేటింగ్ షాపులు, బ్యాటరీ రిపేర్లు, రంగుల యూనిట్లు అన్నీ అందులోకే వదులుతాయి. ప్లాంటులో నీళ్లు తేటబడుతుంటే లోహాల్లో ఎక్కువ భాగం బురదని పట్టుకుని అడుక్కి దిగుతుంది. పైన నీళ్లు ఎంత శుభ్రమైతే కింద బురద అంత చెడ్డదన్నట్టు! ఆ బురదలో నత్రజని, భాస్వరం నిజంగానే ఉంటాయి కాబట్టి మొదటి పంట ఏపుగా వస్తుంది, పక్క రైతు చూసి తనూ కొంటాడు. నత్రజని ఒకట్రెండు పంటలకి అయిపోతుంది. కాడ్మియం మాత్రం మన మనవళ్ల కాలానికీ ఆ మట్టిలోనే ఉంటుంది. ఆమ్లగుణం ఉన్న ఎర్ర నేలల్లో అయితే మొక్క దాన్ని ఇంకా తేలిగ్గా లాగుతుంది.

లోహాలతోనే అయిపోలేదు. నాన్‌స్టిక్ పూతల్లో, మరకలంటని బట్టల్లో వాడే పీఫాస్ రసాయనాలు కూడా స్లడ్జ్‌లో చేరతాయి. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఏళ్ల తరబడి స్లడ్జ్ చల్లిన పొలాల గడ్డి తిన్న ఆవుల పాలలో అవి తేలాయి. 2022లో ఆ రాష్ట్రం పొలాల్లో స్లడ్జ్ చల్లడాన్నీ, దాంతో చేసిన కంపోస్టు అమ్మడాన్నీ నిషేధించింది. అమెరికాలో పెరట్లో గోంగూర, బెండ వేసుకునే మనవాళ్లు బస్తా వెనక చిన్న అక్షరాల్లో ‘బయోసాలిడ్స్’ అని ఉందేమో చూడండి. ముందు ‘ఆర్గానిక్’ అని ఉంటే సరిపోదు. అక్కడి సేంద్రియ సర్టిఫికేషన్ స్లడ్జ్‌ని ఒప్పుకోదు, బస్తా మీద ఆ మాట రాసుకోవడాన్ని మాత్రం అది ఆపలేదు.

కొనేముందు ఏ ప్లాంటు సరుకో పేరు అడగండి, చెప్పకపోతే అక్కడితో వదిలేయండి. లోహాల రిపోర్టు చూపించినా నమ్మకుండా, దింపే లోడులోంచే నాలుగైదు చోట్ల మీ చేత్తో శాంపిల్ తీసుకోండి. డబ్బు రిపోర్టు వచ్చాకే ఇవ్వండి. దీనికి ఒప్పుకునే అమ్మకందారు నాకింతవరకు దొరకలేదు.

ఇప్పటికే చల్లేసినవాళ్లు ఆ మడుల్లో పాలకూర, తోటకూర, ముల్లంగి, క్యారెట్ మానేయండి. ఆకుల్లో, దుంపల్లోనే కాడ్మియం ఎక్కువ చేరుతుంది. వాటి బదులు పూల మొక్కలో, మామిడి లాంటి చెట్లో వేసుకోవడం నయం. నేల పీహెచ్ చూపించి, 6.5 కంటే తక్కువుంటే వ్యవసాయాధికారిని అడిగి సున్నం వేయండి. లోహాలు పోవు గానీ మొక్కకి అందడం తగ్గుతుంది. కుప్ప ఇంకా చల్లకపోతే బోరు దగ్గర, వాలులో ఉంచకండి, వాన పడకముందే టార్పాలిన్ కప్పండి.

నా మిగతా లోడు వెనక్కి తీసుకెళ్లమంటే ఆయన ఫోన్ ఎత్తడం మానేశాడు. అదే సరుకుని ఇప్పుడు కోకోపీట్‌లో కలిపి, చిన్న బస్తాల్లో ‘పాటింగ్ మిక్స్’ అని నర్సరీలకి వేస్తున్నాడని తెలిసింది. మిద్దెతోటవాళ్లు బస్తా విప్పగానే ఒక దోసెడు తడిపి, మూతపెట్టి రాత్రంతా ఉంచి వాసన చూడండి. మోరీ కంపు కొడితే కుండీల్లో పోయకుండా వాపస్ ఇచ్చేయండి.